ట్యాబ్‌తో ల్యాప్‌టాప్ పని తీరుతుందా? పని ఎక్కడ ముగుస్తుందో చూసి చెప్పాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తున్నారు. 2019లో కొన్న ల్యాప్‌టాప్ ఆన్ కావడానికే నాలుగైదు నిమిషాలు పడుతోంది, బ్యాటరీ అరగంటకు మించి నిలవడం లేదు. ప్రశ్నపత్రాలు, మార్కుల పట్టికలు, సాయంత్రం పూట ఆన్‌లైన్ పాఠాలు మీ పనులు. రాత్రివేళ సినిమాలు, పాత తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు మీ కాలక్షేపం. చేతిలో యాభై వేల రూపాయలు ఉన్నాయి. పాత ల్యాప్‌టాప్‌ను వదిలించుకుని, కీబోర్డు తగిలించుకోగలిగిన మంచి ట్యాబ్ ఒకటి తీసుకుంటే అటు పనీ ఇటు కాలక్షేపమూ రెండూ జరిగిపోతాయా అని మీరు అడిగారు.

ఒక్కటే ఉంచుకోవాలంటే ల్యాప్‌టాప్‌నే ఉంచుకోండి. అయితే మీరు చెప్పిన వివరాలను బట్టి చూస్తే ఒక్కదానితోనే సరిపెట్టుకోవలసిన పరిస్థితి మీకు లేదని నాకు అనిపిస్తోంది. పాత ల్యాప్‌టాప్‌లో రెండు మూడు విడిభాగాలు మార్పించి దాన్ని పనికి ఉంచుకుని, మిగిలిన డబ్బుతో మధ్యరకం ట్యాబ్ తీసుకోవడం మీకు అన్నిటికంటే లాభసాటి మార్గం. అది కుదురుతుందా లేదా అన్నది మీ ల్యాప్‌టాప్‌లో ఉన్న ప్రాసెసరును, అంటే పనంతా నడిపే ప్రధాన చిప్‌ను బట్టి తేలుతుంది. ఆ సంగతి కొంచెం కిందికి వెళ్లాక చెబుతాను.

నేను గుంటూరులో పందొమ్మిదేళ్లుగా కంప్యూటర్ల అమ్మకం, మరమ్మతు చేస్తున్నాను. ఈ ప్రశ్నతో దుకాణానికి వచ్చేవారికి మొదట్లో నేను కూడా ప్రాసెసరు, ర్యామ్ (పని జరిగేటప్పుడు వాడుకునే మెమరీ), తెర సైజు పక్కపక్కన పెట్టి పోల్చి చెప్పేవాణ్ణి. ఆ పద్ధతి వల్ల ఒకసారి నేనే ఒక వకీలుగారికి తప్పుడు సలహా ఇచ్చాను. ఆయన కోర్టులో కేసు కాగితాలు చదువుకోవడానికి తేలికగా ఉండే వస్తువు కావాలన్నారు; నేను ఖరీదైన ట్యాబ్, దానికో కీబోర్డు అంటగట్టాను. చదువుకోవడం వరకు ఆయన ఎంతో సంతోషించారు. కానీ పిటిషన్ టైపు చేసిన తరువాత దాన్ని ఆఫీసులోని పాత ప్రింటరుకు పంపడం కుదరలేదు, గుమాస్తా పంపిన తెలుగు ఫైలు తెరిస్తే అర్థం కాని ఇంగ్లీషు అక్షరాల వరుస కనిపించింది, నాలుగు నెలలు తిరక్కుండానే ఆయన మరో దుకాణంలో ల్యాప్‌టాప్ కొనుక్కున్నారు. నా దగ్గర కొనకపోవడంలో తప్పేమీ లేదు.

అప్పటి నుంచి నేను అందరినీ ఒకే ప్రశ్న అడుగుతున్నాను: మీ పనిలో చివరి మెట్టు ఏది? పని మొదలుపెట్టడానికి ఏ పరికరమైనా చాలు, ఈ రోజుల్లో ఫోను కూడా చాలు. చిక్కంతా ముగింపులో వస్తుంది. కాగితం మీద అచ్చు తీయాలి, వెబ్‌సైటులో ఎక్కించాలి, ఎవరో పంపిన ఫైలును అదే రూపంలో దిద్ది వెనక్కి పంపాలి, సంతకం పెట్టాలి. ఒక వారం పాటు మీరు చేసే ప్రతి పని చివరికి ఎక్కడ ముగుస్తోందో కాగితం మీద రాసుకుంటే, మీకు ఏ వస్తువు కావాలో ఆ కాగితమే చెబుతుంది. ఉపాధ్యాయులకు పనులు చేసిపెట్టిన అనుభవంతో మీ జాబితాను నేను కొంతవరకు ఊహించగలను.

మొదటిది, ప్రశ్నపత్రాలు. గణితం అంటున్నారు కాబట్టి తెలుగు వాక్యం మధ్యలో భిన్నాలు, వర్గమూలాలు, పటాలు వస్తాయి. ల్యాప్‌టాప్‌లోని వర్డ్‌లో సమీకరణాల ఎడిటర్, పట్టికలు, నిలువు వరుసలు అన్నీ ఒకేచోట అందుబాటులో ఉంటాయి. ట్యాబ్‌లో వచ్చే వర్డ్ యాప్ చూడటానికి అదే అయినా అందులో అన్నీ ఉండవు. ఐప్యాడ్‌లో ఉన్నది ఆండ్రాయిడ్‌లో ఉండకపోవచ్చు. పైగా తెర 10.1 అంగుళాలకు మించిన ట్యాబ్ అయితే వర్డ్, ఎక్సెల్ యాప్‌లలో ఫైలును దిద్దడానికే మైక్రోసాఫ్ట్ చందా అడుగుతుంది. గూగుల్ డాక్స్ ఉచితమే కానీ, అందులో తయారైన పత్రాన్ని మీ తోటి ఉపాధ్యాయుడి వర్డ్‌లో తెరిచినప్పుడు లెక్కలు పక్కకు జరిగితే ఆ దిద్దుబాటుకు మళ్లీ అరగంట పోతుంది.

తెలుగు టైపింగు విషయం దీనికంటే ముఖ్యమైనది. ట్యాబ్ మీద వేలితో తెలుగు టైపు చేయడం, మాట్లాడితే తెలుగులో రాయించుకోవడం ఇప్పుడు బాగానే సాగుతున్నాయి. వాట్సాప్ సందేశానికి నేనూ అదే వాడతాను. కానీ రెండు పేజీల ప్రశ్నపత్రానికి అసలైన మీటలు కావాలి. విండోస్ 10లో 2019 మే నెల అప్‌డేట్‌తో వచ్చిన తెలుగు ఫొనెటిక్ కీబోర్డు విండోస్ 11లోనూ ఉంది, ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వస్తుంది, ఏ ఖర్చూ లేదు. ఆండ్రాయిడ్ ట్యాబ్‌కు బయటి కీబోర్డు తగిలించినప్పుడు మాత్రం, తెర మీది కీబోర్డులో చక్కగా పనిచేసిన ఇంగ్లీషు నుంచి తెలుగుకు మార్చే సౌకర్యం బయటి మీటలతో పనిచేయకపోవడం నేను చాలాసార్లు చూశాను. ట్యాబ్ కొనే ముందు దుకాణంలోనే కీబోర్డు తగిలించి, "త్రిభుజ వైశాల్యం కనుగొనండి" అని మీరే టైపు చేసి చూసుకోండి. దుకాణదారు ముఖం చిట్లించినా పరవాలేదు.

ఇక అను ఫాంట్ల సంగతి. మన ప్రింటింగ్ ప్రెస్సులు, డీటీపీ సెంటర్లు ఈనాటికీ చాలావరకు అను స్క్రిప్ట్ మేనేజర్ అనే తెలుగు టైపింగు సాఫ్ట్‌వేర్, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ మీదే నడుస్తున్నాయి. అక్కడి ఆపరేటర్ల చేతులు యాపిల్, మాడ్యులర్ అనే తెలుగు మీటల అమరికల్లో ఏదో ఒకదానికి అలవాటుపడ్డాయి. ఆ ఫైళ్లలో ఉన్నది యూనికోడ్ తెలుగు, అంటే ఏ పరికరంలోనైనా తెలుగుగానే కనిపించేది కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలను అతికించిన పాత పద్ధతి అది. ఆ ఫాంటు లేని ట్యాబ్‌లో అటువంటి ఫైలు తెరిస్తే కనిపించేది గజిబిజి. పాత ప్రశ్నపత్రాల నిధి ఏదైనా మీ దగ్గర పెన్‌డ్రైవులో ఉంటే, అందులో ఎక్కువ భాగం ఇలాంటివే అయి ఉండవచ్చు. వాటి కోసమైనా విండోస్ యంత్రం ఒకటి ఇంట్లో ఉండాలి.

మార్కుల పట్టికల దగ్గర మరో మెలిక ఉంది. ఏటా జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపుల్లో ఆదాయపు పన్ను లెక్కగట్టే ఎక్సెల్ ఫైలు తిరుగుతుంది కదా, వివరాలు నింపి బటన్ నొక్కితే ఫారం 16 సిద్ధమయ్యేది. ఆ బటన్ల వెనుక ఉండేవి మాక్రోలు, అంటే నొక్కగానే లెక్కలన్నీ చేసిపెట్టే చిన్న ప్రోగ్రాములు. ట్యాబ్‌లోని ఎక్సెల్ యాప్‌లో మాక్రోలు నడవవు. ఫైలు తెరుచుకుంటుంది, బటన్ కనిపిస్తుంది, నొక్కితే ఏమీ జరగదు. ప్రతి ఫిబ్రవరిలో కనీసం ఇద్దరు ముగ్గురు ఉపాధ్యాయులు ట్యాబ్ పట్టుకుని "ఇది పాడైపోయిందండీ" అంటూ నా దుకాణం మెట్లెక్కుతారు.

ప్రింటరు గురించి కూడా ఒక మాట. మన ఆఫీసుల్లో, బడుల్లో విరివిగా కనిపించే కానన్ ఎల్‌బీపీ 2900 లాంటి పాత లేజర్ ప్రింటర్లకు యూఎస్‌బీ తీగ తప్ప వైఫై ఉండదు, వాటిని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్లు కంప్యూటర్లకే ఉన్నాయి. ట్యాబ్ నుంచి వాటికి నేరుగా పంపే దారి లేదు. వైఫై ఉన్న కొత్త ఇంక్‌ట్యాంక్ ప్రింటరు మీ ఇంట్లో ఉంటే ఈ అభ్యంతరాన్ని కొట్టివేయండి.

ఇప్పుడు డబ్బు లెక్క వేద్దాం, ఎందుకంటే "ట్యాబ్ చవక" అన్న మాట చాలామందిని దారి తప్పిస్తుంది. 2025 మార్చిలో వచ్చిన ఏ16 చిప్ ఐప్యాడ్ భారతదేశంలో విడుదలైన ధర 34,900 రూపాయలు. దానికి యాపిల్ సొంత మేజిక్ కీబోర్డ్ ఫోలియో 24,900, యూఎస్‌బీ-సీ పెన్సిల్ 7,900. మూడూ కలిపితే 67,700. ఆ డబ్బుకు పదహారు జీబీ ర్యామ్ ఉన్న మంచి ల్యాప్‌టాప్ ఒకటి చేతికి వస్తుంది. వేరే కంపెనీల కీబోర్డు కవర్లు మూడు నాలుగు వేలకు దొరుకుతాయి, వాటిలో పనికొచ్చేవి కూడా ఉన్నాయి. కానీ ఒళ్లో పెట్టుకుని టైపు చేస్తే వెనక్కి పడిపోయే కవర్లే ఎక్కువ. బరువు సంగతీ అంతే. అర కిలో ట్యాబ్‌కు అర కిలో కీబోర్డు కవరు తగిలిస్తే కిలో అవుతుంది. తేలికపాటి ల్యాప్‌టాప్ కిలోంపావులోనూ దొరుకుతోంది.

ఇంతవరకు చదివి నేను ట్యాబ్‌ల మీద పగబట్టానని అనుకోవద్దు. చదవడానికి, చూడటానికి, రాసి చూపించడానికి ట్యాబ్‌కు సాటి రాగల ల్యాప్‌టాప్ లేదు. మీరు చెప్పిన కాలక్షేపాల్లో పుస్తకాలు కూడా ఉన్నాయి కాబట్టి ఈ భాగాన్ని కాస్త విపులంగా చెబుతాను.

మన తెలుగు పుస్తకాల్లో ఎక్కువ భాగం డెమీ 1/8 సైజులో అచ్చవుతాయి, అంటే పేజీ సుమారు అయిదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల పొడవు. మూల నుంచి మూలకు కొలిస్తే దాదాపు పది అంగుళాలు. పదకొండు అంగుళాల ట్యాబ్‌ను నిలువుగా పట్టుకుంటే ఆ పేజీ ఇంచుమించు అసలు సైజులోనే కనిపిస్తుంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వారు స్కాన్ చేసినవి, ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో దొరికేవి అయిన పాత పుస్తకాలు అక్షరాలు కావు, ఫొటోలు. అక్షరం పెద్దది చేసుకుంటే పేజీ అంచులు తెర దాటిపోతాయి. కాబట్టి వాటికి పేజీ మొత్తం ఒకేసారి పట్టే తెర కావాలి. పదిహేనున్నర అంగుళాల ల్యాప్‌టాప్ తెర పెద్దదే అయినా అది అడ్డంగా పెద్దది. దాని ఎత్తు ఏడున్నర అంగుళాలు మాత్రమే, పైనా కిందా పట్టీలు పోగా మిగిలేది ఆరున్నర. అందుకే ల్యాప్‌టాప్‌లో పుస్తకం చదివేవారు సగం పేజీ చదివి కిందికి జరుపుకుంటూ ఉంటారు. ఎనిమిది, తొమ్మిది అంగుళాల చవక ట్యాబ్‌లో వత్తులు, దీర్ఘాలు కళ్లు చికిలిస్తే తప్ప తెలియవు. పుస్తకాలే ముఖ్యమైతే పదకొండుకు తగ్గవద్దు.

సినిమాల దగ్గరకు వచ్చేసరికి ఇదే లెక్క తిరగబడుతుంది. తెలుగు సినిమాల్లో చాలావరకు సినిమాస్కోప్ అనే బాగా వెడల్పైన కొలతలో తీసినవి. పుస్తకానికి బాగా నప్పే 4:3 తెర (వెడల్పు నాలుగు పాళ్లు, ఎత్తు మూడు పాళ్లు) మీద అవి చూస్తే పైనా కిందా నల్ల పట్టీలు పోగా బొమ్మకు మిగిలేది తెరలో సగానికి కొంచెం ఎక్కువ. 16:10 తెర ఉన్న ట్యాబ్‌లో మూడింట రెండు వంతులు మిగులుతుంది. పుస్తకాలకూ సినిమాలకూ రెండింటికీ ఒకే ట్యాబ్ అయితే, నా మాటగా 16:10 తీసుకోండి. రెండింటికీ పూర్తి న్యాయం చేయకపోయినా రెండింటినీ చెడగొట్టదు.

ఆండ్రాయిడ్ ట్యాబ్ తీసుకుంటే వైడ్‌వైన్ ఎల్1 ఉందో లేదో తప్పక అడగండి. ఇది సినిమాల కాపీ రక్షణకు సంబంధించిన ధ్రువీకరణ. ఎల్3 మాత్రమే ఉన్న ట్యాబ్‌లో తెర ఎంత మేలైనదైనా నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వంటివి తక్కువ నాణ్యత బొమ్మనే పంపుతాయి. పెట్టె మీద 2కే తెర అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది, ఇంటికి వెళ్లి చూస్తే ముఖాలు మసగ్గా ఉంటాయి. డీఆర్ఎం ఇన్ఫో అనే చిన్న యాప్ వేసి చూస్తే నిమిషంలో తేలిపోతుంది.

మీ ఆన్‌లైన్ పాఠాలకు ట్యాబ్ చేసే మేలు చెప్పనలవి కాదు. మౌస్‌తో సమీకరణం రాయడం ఎంత బాధో మీకు నేను చెప్పనక్కరలేదు. పెన్ పనిచేసే ట్యాబ్ ఉంటే అది నల్లబల్ల అయిపోతుంది. ఇక్కడ రెండు జాగ్రత్తలున్నాయి. రబ్బరు మొన ఉన్న రెండు వందల రూపాయల స్టైలస్ ఏ తెర మీదైనా గీస్తుంది కానీ దానికీ వేలికీ తేడా లేదు, అరచెయ్యి ఆనితే అదీ గీతగా పడుతుంది. ఆ ట్యాబ్ కంపెనీ తన మోడల్‌కు ప్రత్యేకంగా ఇచ్చే పెన్ ఉండాలి. శాంసంగ్ ఎస్6 లైట్ వంటి కొన్ని మోడళ్లలో పెన్ పెట్టెలోనే వస్తుంది, కొన్నింటికి వేరే కొనాలి. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

రెండు పరికరాలూ ఉంటే పాఠం చెప్పే పద్ధతి ఇంకా హాయిగా మారుతుంది. ల్యాప్‌టాప్‌తో మీటింగులో చేరి పిల్లల ముఖాలు చూడండి, మాట్లాడండి. అదే మీటింగులోకి ట్యాబ్‌తో రెండో మనిషిగా చేరి, అక్కడి మైకు, స్పీకరు రెండూ ఆపేసి, ట్యాబ్ తెరను మాత్రం అందరికీ చూపిస్తూ పెన్‌తో రాయండి. మైకు ఆపడం మరిచిపోతే గది నిండా ఈల మోగుతుంది. మా వీధిలో ట్యూషన్లు చెప్పే ఒక మాస్టారికి ఈ ఏర్పాటు చేసి మూడేళ్లయింది, ఇంతవరకు తెల్లబోర్డు కొనలేదు. పటాలు గీసే జియోజీబ్రా యాప్ రెండింటిలోనూ పనిచేస్తుంది కాబట్టి పటాల విషయంలో మీకు ఇబ్బంది ఉండదు.

ఇప్పుడు మీ పాత ల్యాప్‌టాప్ దగ్గరకు వస్తాను. 2019లో మన దగ్గర ముప్పై వేల స్థాయిలో అమ్ముడైన ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి నాలుగు జీబీ ర్యామ్, ఒక టీబీ హార్డ్‌డిస్క్ ఉండేవి. మీది నాలుగైదు నిమిషాలకు గానీ తెరుచుకోవడం లేదంటే దోషం బహుశా ప్రాసెసరుది కాదు, తిరిగే హార్డ్‌డిస్క్‌ది. హార్డ్‌డిస్క్ మంచి స్థితిలో ఉన్నప్పుడు కూడా సెకనుకు వంద ఎంబీ చుట్టుపక్కల చదివితే, దాని స్థానంలో అమరే మామూలు సాటా రకం ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, చిప్‌ల డిస్క్) అయిదు వందల దాకా చదువుతుంది. ఎస్‌ఎస్‌డీ వేసి, ర్యామ్‌ను ఎనిమిది జీబీకి పెంచి, కొత్త బ్యాటరీ పెట్టిన అదే ల్యాప్‌టాప్ అర నిమిషంలో ఆన్ అవుతుంది. 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు పెరుగుతున్నాయి కాబట్టి కచ్చితమైన అంకె చెప్పను. అయినా కొత్త ల్యాప్‌టాప్ ధరతో పోలిస్తే ఇది చిన్న మొత్తమే. తీసేసిన హార్డ్‌డిస్క్‌ను పారేయవద్దు, యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టించుకుంటే ఫొటోలు, పాత ఫైళ్లు దాచుకోవడానికి పనికొస్తుంది.

అసలు అడ్డంకి విండోస్. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. నమోదు చేసుకున్న ఇంటి వాడుకదార్లకు మరో ఏడాది, అంటే 2026 అక్టోబరు వరకు మాత్రమే భద్రతా అప్‌డేట్లు అందుతాయి. విండోస్ 11కు వెళ్లాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆ తరువాతి ప్రాసెసరు, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇక్కడే 2019 కొనుగోలుదార్లకు జాతకం తేలుతుంది. ఆ సంవత్సరం ఒకే ధరలో, ఒకే రంగులో పక్కపక్కనే పెట్టి అమ్మిన ల్యాప్‌టాప్‌లలో కొన్నింటిలో ఐ3 8130యూ, కొన్నింటిలో ఐ3 7020యూ ఉండేవి. మొదటిది ఎనిమిదో తరం, విండోస్ 11 అధికారికంగానే ఎక్కుతుంది. రెండోది ఏడో తరం, ఎక్కదు. అడ్డదారుల్లో ఎక్కించేవారు మా బజారులోనూ ఉన్నారు, నేను కూడా చేయగలను. కానీ మీ బ్యాంకు పనులు, బడి పనులు జరిగే యంత్రానికి అది చేయను.

మీది 8130యూ గానీ అంతకంటే కొత్తది గానీ అయితే నా సలహా మారదు: మరమ్మతు చేయించి, మిగిలిన డబ్బుతో పదకొండు అంగుళాల, పెన్ పనిచేసే, ఎల్1 ఉన్న ట్యాబ్ కొనండి. 7020యూ అయితే యాభై వేలూ కొత్త ల్యాప్‌టాప్ మీదే పెట్టండి, ట్యాబ్‌ను ఒక ఏడాది వాయిదా వేయండి. ఆ ల్యాప్‌టాప్‌కు పదహారు జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉండాలి. ఎనిమిది జీబీతో తీసుకోవలసి వస్తే, ర్యామ్ బోర్డుకు అతికించినదా, తరువాత పెంచుకోవడానికి ఖాళీ గడి ఉందా అని అడిగి తీసుకోండి. అతికించిన ఎనిమిది జీబీ అయితే వద్దు.

"తెర వెనక్కి మడిచే ల్యాప్‌టాప్, లేదా కీబోర్డు ఊడివచ్చే విండోస్ ట్యాబ్ తీసుకుంటే రెండూ ఒకటే అవుతాయి కదా" అని మీకు సందేహం రావచ్చు. యాభై వేలలో దొరికే మడిచే ల్యాప్‌టాప్ కిలోన్నర పైనే ఉంటుంది. పడుకుని దాన్ని పుస్తకంలా పట్టుకుంటే పది నిమిషాల్లో మణికట్టు లాగుతుంది. కొన్నవారిలో చాలామంది మొదటి నెల మడిచి, రెండో నెల నుంచి మామూలు ల్యాప్‌టాప్‌లాగే వాడటం చూశాను. సర్ఫేస్ ప్రో వంటివి నిజంగా బాగుంటాయి కానీ మీ బడ్జెట్‌కు అందవు. 2024 నుంచి వస్తున్న స్నాప్‌డ్రాగన్ ఎక్స్ చిప్ ల్యాప్‌టాప్‌లు బ్యాటరీలో మేటివి. అయితే వాటికి పాత ప్రింటర్ల డ్రైవర్లు ఎక్కవు; డ్రైవరు ప్రత్యేకంగా ఆ చిప్ కోసం తయారై ఉండాలి. బడిలో పాత ప్రింటరు ఉంటే ఆ దారి వద్దు.

పాడైతే ఏమిటి అన్నది కొనేటప్పుడు ఎవరూ అడగరు, అందుకని నేనే చెబుతాను. ల్యాప్‌టాప్‌లో కీబోర్డు మీద టీ ఒలికితే కీబోర్డు మారుతుంది, మడతబందు విరిగితే అది మారుతుంది, బ్యాటరీ స్క్రూలు విప్పితే బయటికి వస్తుంది. ట్యాబ్ మొత్తం జిగురుతో అతికించిన పెట్టె. బ్యాటరీ మార్చాలంటే తెర వేడిచేసి ఊడదీయాలి, ఊడదీసేటప్పుడు పగిలితే ఆ నష్టం ఎవరిదన్న గొడవ వస్తుంది. అద్దం, తెర కలిసి ఉన్న ట్యాబ్ కింద పడితే మరమ్మతు ఖర్చు విని ఎక్కువమంది కొత్తదే కొంటారు. కాబట్టి ట్యాబ్ కొన్నరోజే వెనుక కవరు, తెరకు గాజు పొర వేయించండి. రాత్రంతా ఛార్జింగులో ఉంచే అలవాటుంటే, ఎనభై శాతం దగ్గర ఆపే సౌకర్యం ఇప్పుడు చాలా ట్యాబ్‌లలో ఉంది, దాన్ని ఆన్ చేసుకోండి; ఉబ్బిన బ్యాటరీ వల్ల తెర పైకి లేచిన ట్యాబ్‌లు నా బల్ల మీదికి తరచుగా వస్తుంటాయి. ల్యాప్‌టాప్‌కు ఉన్న శత్రువు వేరు, అది పరుపు. పరుపు మీద పెట్టి సినిమా చూస్తే కింద గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. విప్పి చూస్తే ఫ్యాను చుట్టూ దూది పేరుకుని దిండులా ఉంటుంది. పడక మీద సినిమాలు చూసేవారికి ట్యాబ్ కొనమని చెప్పడానికి నాకు ఇదొక్క కారణం చాలు.

ఇదే ప్రశ్నతో మరికొందరు కూడా ఇక్కడికి వస్తారు కనుక, వారి గురించి క్లుప్తంగా. పదవీ విరమణ చేసి, పేపరు చదువుకుంటూ, అమెరికాలో ఉన్న పిల్లలతో వీడియో కాల్ మాట్లాడుకునే పెద్దవారికి ల్యాప్‌టాప్ కొనిపెట్టవద్దు. వారికి ట్యాబ్ చాలు, సిమ్ వేసుకునేది అయితే వైఫై గొడవ కూడా ఉండదు. ఇంజనీరింగులో చేరిన పిల్లలకు ల్యాప్‌టాప్ తప్పదు, ప్రోగ్రాములు రాయడం ట్యాబ్‌లో సాగే పని కాదు. ఎంట్రన్సుకు చదువుతున్న ఇంటర్ పిల్లలకైతే వీడియో పాఠాలకు, నోట్సుకు ట్యాబ్ సరిపోతుంది. ట్యాలీ వాడే వ్యాపారులకు, కంపెనీ తరఫున డిజిటల్ సంతకం టోకెన్‌తో జీఎస్‌టీ రిటర్నులు వేసేవారికి ట్యాబ్ చాలదు, కంప్యూటరు ఉండాలి. సొంత పేరు మీద చిన్న వ్యాపారం నడిపేవారు రిటర్నును ఓటీపీతో కూడా ధ్రువీకరించవచ్చు, వారికి ఆ టోకెన్ బెడద లేదు.

మీ ల్యాప్‌టాప్‌లో ఏ ప్రాసెసరు ఉందో తెలుసుకోవడానికి దుకాణానికి వెళ్లనక్కరలేదు. విండోస్ మీటను, పాజ్ మీటను కలిపి నొక్కండి. పాజ్ మీట లేకపోతే సెట్టింగ్స్‌లో సిస్టమ్, దానిలో అబౌట్ తెరవండి. ప్రాసెసరు అన్న చోట ఐ3 తరువాత కనిపించే నాలుగు అంకెలు, ఇన్‌స్టాల్డ్ ర్యామ్ అన్న చోట ఉన్న అంకె, ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కరు మీద ఉన్న మోడల్ నంబరు, ఈ మూడూ ఇక్కడ రాయండి. సీరియల్ నంబరు మాత్రం రాయవద్దు. దానికి ఏ రకం ర్యామ్ పడుతుందో, ఎస్‌ఎస్‌డీకి విడిగా గడి ఉందో లేక హార్డ్‌డిస్క్ తీసి దాని చోటే పెట్టాలో, ఏ బ్యాటరీ నంబరు అడగాలో చూసి చెబుతాను. అప్పటిదాకా పాతదాన్ని ఎక్స్ఛేంజికి ఇవ్వకండి.